తెలియనివాని సొమ్ము

లోకమున ధర్మాధర్మములు సులభముగా తెలియు చోట్లు కొన్ని కలవు. అంగడిలో బియ్యము కొనువాని కన్నుల యెదుటనే త్రాసు ఆడుచుండును. ముల్లు ఏ వైపునకు మొగ్గినదో అమ్మువాడును చూచును, కొనువాడును చూచును. అచ్చట మోసము జరిగినచో దానిని పట్టుకొనుట కొంత సులభము. కాని త్రాసును, ముల్లును చూచు శక్తి ఒక్కనికే యుండి, రెండవవాడు ఏమియు తెలియక ప్రక్కన నిలిచియుండు చోట్లును కలవు. ధర్మమునకు నిజమైన పరీక్ష అట్టి చోటనే జరుగుచున్నది.

నేటి గృహస్థునకు అట్టి పరీక్షాస్థలములలో కారు మరమ్మత్తు చేయు షెడ్డు ఒకటి. ఒకప్పుడు బండి యనగా ఎడ్లబండి. ఇరుసు అరిగినను, ఆకు విరిగినను యజమాని తానే చూడగలిగెడివాడు. వడ్రంగియు, కమ్మరియు ఆ ఊరివారే. కూలి ధాన్యముగానో, రొక్కముగానో అందరికి తెలిసిన లెక్క ప్రకారము ముట్టెడిది. ఎవడైన అధికముగా తీసికొన్నచో ఆ సాయంకాలమే రచ్చబండయొద్ద మాట వచ్చెడిది. నేటి కారు అట్టిది కాదు. బానెట్టు ఎత్తి చూచిన యజమానికి నల్లని గొట్టములును, తీగెలును తప్ప మరేమియు కనబడదు. పని చేయువాడు “ఇది పోయినది” అన్నచో పోయినదే, “ఉన్నది” అన్నచో ఉన్నదే. ఒకని మాటయే రెండవవానికి ప్రమాణమైన చోట, ఆ మాటకు ఎంత వెల కట్టవచ్చును? తెలిసినవాడు తెలియనివానియొద్ద ఎంత పుచ్చుకొనవచ్చును? ఈ ప్రశ్న కారుతో మొదలైనను కారుతో ముగియునది కాదు.

ఒక కుటుంబమును తలంతము. ఇంటిపెద్ద విశ్రాంతోద్యోగి. భార్యతోను, కొడుకు కోడండ్రతోను, ఇద్దరు మనుమలతోను శివరాత్రికి శ్రీశైలము పోదలచినాడు. దోర్నాల మీదుగా నల్లమల ఘాట్ ఎక్కవలెను. ప్రయాణమునకు రెండు దినములు ముందు, బ్రేకు వేసినప్పుడెల్ల కీచుమను ధ్వని వినవచ్చెను. పెద్దాయన బండిని షెడ్డునకు తీసికొనిపోయెను. మెకానిక్కు చక్రములు విప్పి చూచెను. ముందరి బ్రేకు ప్యాడ్లు అరిగినవి. అది నిజమే. క్రొత్త ప్యాడు మందము సాధారణముగా 10 మిల్లీమీటర్ల ప్రాంతమున ఉండును. అది 3 మిల్లీమీటర్లకు దిగినచో మార్చుట మేలు. ప్యాడు అరిగిన సంగతి తెలుపుటకే పెక్కు బండ్లలో ఒక చిన్న లోహపు రేకు అమర్చబడి యుండును. ప్యాడు అరిగినకొలది ఆ రేకు డిస్కును తాకి కీచుమనును. అనగా ఆ ధ్వని బండి తనంత తాను చెప్పిన సత్యము.

ఆ సత్యమునకు మెకానిక్కు కొన్ని అసత్యములను చేర్చెను. డిస్కులు పోయినవనెను, క్యాలిపర్లు పట్టుకొన్నవనెను, మాస్టర్ సిలిండరు కూడ మార్చవలెననెను. పెద్దాయన సందేహించుట చూచి, “ఘాట్ రోడ్డు సార్, పిల్లలున్నారు. తరువాత మీ ఇష్టం” అనెను. ఆ మాటకు మారుమాట లేదు. 3,000 రూపాయల ప్రాంతమున ముగియవలసిన పని 18,000 రూపాయలకు పెరిగినది. పెద్దాయన మనుమల ముఖములు తలచుకొని సొమ్ము చెల్లించెను.

ఇచ్చట అమ్మబడినదేమి? ఇనుము కొంత, మిగిలినదంతయు భయము. తాత మనుమలపై పెట్టుకొన్న ప్రేమను మెకానిక్కు తన త్రాసులో వేసి తూచినాడు. దొంగ చీకటిలో వచ్చి సొమ్ము తీసికొనిపోవును; వాకిట తలుపు గట్టిగా వేసికొన్నవాడు వాని బారినుండి తప్పించుకొనవచ్చును. కాని ప్రేమను సాకుగా చేసికొని వచ్చు దొంగకు గృహస్థుడే తలుపు తీయును. సొమ్మును తానే లెక్కపెట్టి చేతికిచ్చి, పైపెచ్చు నమస్కారము కూడ చేయును.

అయినను ఈ కథలోని అసలు నష్టము 15,000 రూపాయలు కాదు. ఆ పెద్దాయనకు కొన్ని నెలల తరువాత, ఎవరో తెలిసినవారు ఆ బిల్లు చూచి, మోసపోయితివని చెప్పిరనుకొందము. మరుసటి సంవత్సరము ఆయన వేరొక షెడ్డునకు పోయెను. అచ్చటి మెకానిక్కు నిజాయితీపరుడు. బండి క్రింద దూరి చూచి, “స్టీరింగు బాల్ జాయింటు వదులైనది. దీనితో కొండ ఎక్కవద్దు సార్” అనెను. పెద్దాయన చిరునవ్వు నవ్వి, “అందరూ చెప్పే మాటే” అని తాళపుచెవి తీసికొని బయలుదేరెను. ఆ దారిలో ఏమైన జరిగినచో దోషమెవరిది? రెండవ మెకానిక్కుది కాదు. అతడు సత్యమే చెప్పినాడు. పెద్దాయనను నిందింప మనసొప్పదు, ఒకసారి కాలినవాడు. ఆ దోషములో పెద్దభాగము, ఒక సంవత్సరము క్రిందట కొన్ని వేల రూపాయలకు ఆశపడి సత్యమునకు విలువ లేకుండ చేసినవానిది. అతడు దొంగిలించినది ఒక గృహస్థుని సొమ్ము మాత్రమే కాదు. తరువాత రాబోవు నిజాయితీపరుని మాటకు ఉండవలసిన నమ్మకమును కూడ అతడే అపహరించినాడు.

పండితులును ఈ సంగతినే వేరొక భాషలో చెప్పియున్నారు. 1970లో జార్జ్ ఎకర్లాఫ్ అను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు పాత కార్ల అంగడినే ఉదాహరణముగా తీసికొని ఒక వ్యాసము ప్రకటించెను. బండి మంచిదో చెడ్డదో అమ్మువానికి తెలిసి, కొనువానికి తెలియని చోట, కొనువాడు అన్ని బండ్లను అనుమానించి తక్కువ వెలయే ఇవ్వజూపును. ఆ వెలకు మంచి బండి గలవాడు అమ్మజాలక తొలగిపోవును. తుదకు అంగడిలో చెడ్డ బండ్లే మిగులునని ఆయన నిరూపించెను. 2001లో ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానమును పొందిన మువ్వురిలో ఆయన యొకడు. 1973లో డార్బీ, కార్నీ అను మరి ఇరువురు పండితులు ఇంకొక మెట్టు పైకి పోయిరి. కొన్ని సేవలలో పని ముగిసిన పిదప కూడ, ఆ పని నిజముగా అవసరమైనదా కాదా యని కొనువాడు తెలిసికొనజాలడని వారు చెప్పిరి. పండు తీయగా ఉన్నదో లేదో తిన్న తరువాతనైన తెలియును. మార్చిన మాస్టర్ సిలిండరు మార్చవలసినదో కాదో, బండి చక్కగా నడచుచున్నను తెలియదు. నమ్మకము తప్ప వేరు కొలబద్ద లేని వ్యాపారమిది.

ఈ మోసమునకు మూలము షెడ్డులో నూనె మరకల బట్టలతో నిలిచియున్న మనుష్యుడొక్కడే యని తలచుట న్యాయము కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున వాహనముల మరమ్మత్తులను పర్యవేక్షించుటకు ప్రత్యేకముగా ఒక ప్రభుత్వశాఖ కలదు. ఆ శాఖవారు ఏ యే భాగములు బాగుగా ఉన్నవో ముందుగానే పరీక్షించి యుంచిన కార్లను సామాన్య గృహస్థుల వలె పంపి, అచ్చట అనవసరముగా ఏమి మార్చుచున్నారో గమనించి, 1992లో ఒక సుప్రసిద్ధ వర్తకసంస్థపై అభియోగము మోపిరి. విచారణలో తేలిన సంగతి ఆలోచింపదగినది. ఆ సంస్థలో సిబ్బందికి అమ్మిన సేవలను బట్టి కమిషను ఉండెడిది; ఇన్ని ఇన్ని భాగములు అమ్మవలెనను లక్ష్యములును ఉండెడివి. విమర్శ చెలరేగిన పిదప సంస్థ ఆ కమిషను పద్ధతిని విడిచిపెట్టెను. అనగా అచ్చట ప్రతి పనివాడును పుట్టుకతో మోసగాడు కాడు. మోసము చేయనివానికి జీతము తగ్గు ఏర్పాటును పైవారు చేసిరి, క్రిందివారు లోబడిరి. లోబడినవానిది పాపమే, ఏర్పాటు చేసినవానిది అంతకు మించిన పాపము.

మన దేశమునను ఇట్టి పెద్దల పాత్ర వెలుగులోనికి వచ్చినది. 2014 ఆగస్టు 25న భారత పోటీ కమిషను 14 కార్ల తయారీ సంస్థలపై మొత్తము 2,544 కోట్ల రూపాయలకు మించిన జరిమానా విధించెను. ఆ సంస్థలు తమ అసలైన స్పేర్ పార్టులను, లోపములు కనుగొను పరికరములను, మరమ్మత్తు వివరములను బయటి స్వతంత్ర మెకానిక్కులకు అందనీయక, యజమానులను తమ అధీకృత షోరూములకే కట్టిపడవేసినవని కమిషను నిర్ణయించెను. ఆ తీర్పుపై అప్పీళ్ళు జరిగి, 2016లో కొన్ని సంస్థల జరిమానా తగ్గింపబడినది. అయినను ఆ ఉత్తర్వు ఒక సత్యమును లోకమునకు చాటినది. జ్ఞానమును దాచి వెల పెంచుట చిన్న షెడ్డు చేసినను, పెద్ద మేడ చేసినను ఒకటే.

ఇక న్యాయము పలుకవలెనన్నచో బండి యజమాని పాలును లెక్కింపవలెను. ఒక అనుభవశాలి యైన మెకానిక్కు, బండి స్టార్టు కాకపోవుటకు కారణము బ్యాటరీ కాదని, దాని కొనయందలి తుప్పు మాత్రమేనని అయిదు నిమిషములలో కనిపెట్టి, శుభ్రము చేసి, 300 రూపాయలు అడిగెననుకొందము. “తుడిచినందుకు మూడువందలా?” అని యజమాని కోపించును. అదే మెకానిక్కు ఏమియు చెప్పక క్రొత్త బ్యాటరీ తెచ్చి వేసి 5,000 రూపాయల బిల్లు ఇచ్చినచో మాటాడక చెల్లించును. చేతికి వస్తువు కనబడిన చోట గృహస్థుడు సొమ్ము ఇచ్చును. బుద్ధి పనిచేసిన చోట ఇయ్యడు. ఇరువది ఏండ్ల అనుభవమునకు కూలి నిరాకరించి, పెట్టెలోని వస్తువునకు మాత్రము వెల చెల్లించు యజమాని, సత్యము చెప్పినవానికి నష్టమని, అసత్యము చెప్పినవానికి లాభమని తానే పాఠము నేర్పుచున్నాడు. లేబరు దగ్గర గీచి గీచి బేరమాడినచో, ఆ తగ్గిన కూలి స్పేర్ పార్టుల వరుసలో దూరి వచ్చుచుండును. మోసమును నివారింపగోరువాడు ముందుగా తగిన కూలిని నిండుమనస్సుతో ఇయ్య నేర్వవలెను.

ఈ స్థలముననే శరణుల జీవితములు దారి చూపుచున్నవి. 12వ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుని చుట్టు చేరినవారు అడవులకు పోయి ముక్కు మూసికొన్నవారు కారు. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. నులియ చందయ్య త్రాళ్ళు పేనెను. వారికి కాయకము పొట్టకూటి ఉపాయము మాత్రమే కాదు, అదియే పూజ. పూజలో ముక్కిన పత్రిని లింగమునకు సమర్పింపనట్లే, కాయకమున కపటమును చేర్పరాదని వారి నిష్ఠ.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ వీరశైవుల ఇండ్లలో తెలియనివారు లేరు. రాలిపడిన బియ్యపు గింజలను ఏరితెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యముకంటె అధికముగా తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఆ ఆశ మనకు తగదని, అక్కరకు మించినదానిని తెచ్చినచోటనే పోసిరమ్మని భర్తను వెనుకకు పంపెను. ఇచ్చట గమనింపవలసినది యొకటి కలదు. మారయ్య ఎవరిని మోసగింపలేదు. ఆ గింజలు నేల రాలినవి. ఏరుకొనుటకు అడ్డు చెప్పువారు లేరు. అట్టి సొమ్మునందే మించినది తగదని ఆ ఇల్లాలు తలచినచో, అబద్ధము చెప్పి, భయపెట్టి, తెలియనివాని చేతినుండి తీసిన సొమ్ము ఇంటిలోనికి వచ్చినప్పుడు నేటి గృహిణి ఏమనవలెను? ఆ నాడు లక్కమ్మ వేసిన ప్రశ్న, “ఈ దినము ఇంత ఎట్లు వచ్చినది?” అనునది, ప్రతి ఇంట సాయంకాలము ఒకసారి వినబడినచో, షెడ్డులలోను, దుకాణములలోను సగము మోసము తగ్గిపోవును.

దీనికి కొందరొక సమాధానము చెప్పుదురు. అధికముగా తీసికొన్నదానిలో కొంత మఠమునకు ఇత్తుమని, అన్నదానమునకు బియ్యపు బస్తాలు పంపుదుమని వారనుదురు. ఈ వాదము మఠములవారికిని చెవికి ఇంపుగా ఉండవచ్చును. కాని కాయకము శుద్ధము కానిచో దాసోహము శుద్ధము కాజాలదు. ఒక తాత కన్నులలోని భయమును అమ్మి కొన్న బియ్యముతో వండిన అన్నము పంక్తిలో వడ్డించినను, అది ఆ తాతది, ఇచ్చినవానిది కాదు. ఇతరుల సొమ్ముతో దాత యగుట ఎవరికైనను సులభమే. మఠములు కూడ దాత ఎంత ఇచ్చెనని మాత్రమే కాక, ఎట్లు సంపాదించెనని అడుగగలిగిననాడు సమాజమునకు మేలు కలుగును.

యజమానియే దోషములో భాగస్వామి యగు సందర్భమొకటి కలదు. అది ఇన్స్యూరెన్సు విషయము. బండికి చిన్న దెబ్బ తగిలినది. షెడ్డువాడు, “ఎట్లాగూ కంపెనీ ఇచ్చేదే కదా సార్, పాత గీతలు కూడ ఇందులోనే కలిపి రాయిద్దాం” అనును. అంతకుముందు తన సొమ్ములో 500 రూపాయలు అధికమైనచో పోట్లాడిన గృహస్థుడు, ఇప్పుడు 15,000 అధికమైనను నవ్వి తల ఊపును. నష్టపడువాని ముఖము కనబడదు కావున నష్టమే లేదని తలచును. కాని కంపెనీ ధనమనగా అందరు చెల్లించిన ప్రీమియములే. ఆ అసత్యపు ఖర్చు మరుసటి యేడు పొరుగువాని ప్రీమియములో చేరి వచ్చును. పైగా ఇది తెలివైన పనియు కాదు. వరుసగా అయిదేండ్లు క్లెయిము చేయనివానికి స్వంతనష్టపు ప్రీమియములో 50 శాతము వరకు తగ్గింపు లభించును. చిన్న గీతకై క్లెయిము చేసినచో ఆ తగ్గింపు పోవును. అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి. ఆ దినమున యజమాని ఆ మెకానిక్కునకు ఒక అనుమతి ఇచ్చినాడు. తెలియనివాని సొమ్ము తీసికొనవచ్చునని ఇరువురును ఒప్పుకొనిరి. రేపు ఆ తెలియనివాడు తానే యైనప్పుడు ఏ ముఖముతో ప్రశ్నించును?

మోసగింపబడకుండుట కూడ ధర్మమే. సోమరితనముచే మోసపోవువాడు మోసగానికి బలము కూర్చుచున్నాడు. కావున గృహస్థుడు కొన్ని నియమములను పాటింపవలెను.

మొదటిది, బండితో వచ్చిన పుస్తకమును చదువుట. ఇంజను ఆయిలు ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని నెలలకు మార్చవలెనో, ఎన్ని లీటర్లు పట్టునో అందులోనే అచ్చువేయబడి యుండును. మూడు లీటర్లు పట్టు ఇంజనునకు నాలుగు లీటర్ల బిల్లు వ్రాసినచో, పుస్తకము చదివినవాడు వెంటనే పట్టుకొనగలడు. పుస్తకము చెప్పని ఇంజను ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, రకరకముల పూతలు సర్వీసింగు బిల్లులో ప్రత్యక్షమైనప్పుడు, అవి ఎందుకని అడుగు హక్కు యజమానికి కలదు.

రెండవది, వ్యాధి చెప్పుట, మందు చెప్పకుండుట. “క్లచ్ ప్లేటు మార్చండి” అని తానే చెప్పినవానికి క్లచ్ ప్లేటు మార్చబడును, లోపము మాత్రము అట్లే యుండును. “గేరు వేసినప్పుడు ఇట్టి ధ్వని వచ్చుచున్నది, ఎత్తు ఎక్కునప్పుడు ఇట్లు జరుగుచున్నది” అని లక్షణములు చెప్పి, వీలైనచో మెకానిక్కును ప్రక్కన కూర్చుండబెట్టుకొని బండి నడపి చూపవలెను. డాష్‌బోర్డుపై ఇంజను దీపము వెలిగినప్పుడు స్కానరు చూపు అంకె ఒక సూచన మాత్రమే. ఫలానా భాగము మార్చుమను ఆజ్ఞ కాదు. కొన్ని బండ్లలో పెట్రోలు మూత సరిగా బిగింపకున్నను ఆ దీపము వెలుగును. ఏసీ చల్లబడకుండుటకు కంప్రెసరే కారణము కానక్కరలేదు; మురికి పట్టిన ఫిల్టరు కూడ కావచ్చును.

మూడవది, పని మొదలు పెట్టకమునుపే వ్రాతమూలకముగా ఎస్టిమేటు పుచ్చుకొనుట. అందులో భాగముల వెల వేరుగను, లేబరు వేరుగను ఉండవలెను. అంతకు మించి ఏ పని చేయవలసి వచ్చినను ముందుగా ఫోనులో అడిగి, ఒప్పుకొన్న పిదపనే చేయవలెనని చెప్పియుంచవలెను.

నాలుగవది, మార్చిన పాత భాగములను చూపుమని ముందుగానే అడుగుట. పని ముగిసిన తరువాత అడిగినచో, ఏదో మూలనుండి ఎవరి బండిదో ఒక పాత ముక్క వచ్చును. ముందుగా అడిగినచో, మార్చకయే మార్చితినని చెప్పు ధైర్యము తగ్గును. డిస్కు పోయినదన్నప్పుడు కొలిచి చూపుమని అడుగవచ్చును. కనిష్ఠ మందము సాధారణముగా ఆ డిస్కు మీదనే అచ్చువేయబడి యుండును. క్రొత్త భాగము పెట్టెను తన యెదుట విప్పుమనుటలో తప్పు లేదు.

అయిదవది, ఖర్చు పెద్దదైనచో రెండవ చోట అడుగుట. ఇది అవమానింపదగిన కార్యము కాదు. శస్త్రచికిత్సకు ముందు రెండవ వైద్యుని అడుగుచున్నారు కదా. కాని ప్రాణమునకు సంబంధించిన బ్రేకులు, స్టీరింగు, టైర్ల విషయమున ఆ రెండవ అభిప్రాయము వచ్చువరకు బండి నడపకుండుటయే వివేకము.

ఆరవది, బిల్లు పుచ్చుకొనుట. “బిల్లు లేకపోతే ట్యాక్సు మిగులుతుంది సార్” అను మాటకు లొంగినవాడు ప్రభుత్వమును మోసగించుటలో తోడుపడుటయే కాక, తన చేతి ఆయుధమును తానే పారవేసికొనుచున్నాడు. బిల్లు లేని పనికి రేపు సాక్ష్యము లేదు.

వీటన్నిటికంటె మేలైనది, కష్టము రాకమునుపే ఒక మంచి మెకానిక్కును వెదకి ఉంచుకొనుట. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల తరతరములుగా ఆ పనియే జీవనముగా గల కుటుంబములు ఉన్నవి. “ఇది ఇప్పుడు మార్చనక్కరలేదు, ఇంకొక ఆరు నెలలు వచ్చును” అని తన లాభమును తానే వదలుకొని చెప్పు మనుష్యుడు దొరికినచో, అతనిని గౌరవింపవలెను, అడిగిన కూలి ఇయ్యవలెను, పదిమందికి చెప్పవలెను. నిజాయితీని పోషించునది ఉపన్యాసములు కావు, తిరిగి తిరిగి అదే గడపకు వచ్చు గృహస్థులు.

ఇంతటి జాగ్రత్త వహించినను అన్యాయము జరిగినచో చట్టము కలదు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము స్థానమున 2019లో క్రొత్త చట్టము చేయబడి, 2020 జూలై నుండి అమలునకు వచ్చినది. సేవాలోపము, అనుచిత వ్యాపార పద్ధతి దాని పరిధిలోనివి. చేసిన పనికి బిల్లు ఇయ్యకుండుట కూడ అనుచిత వ్యాపార పద్ధతియే యని ఆ చట్టము చెప్పుచున్నది. చెల్లించిన ప్రతిఫలము 50 లక్షలకు మించని వివాదములను జిల్లా కమిషను విచారించును. 5 లక్షల వరకు రుసుము లేదు. ఫిర్యాదు రెండేండ్లలోపల చేయవలెను. అంతకుముందు 1915 అను నంబరునకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమువారి తోడ్పాటు కోరవచ్చును. వస్తువులను ఎక్కడ బాగుచేయించుకొనవచ్చునో, ఎట్లు బాగుచేసికొనవచ్చునో తెలుపుటకై కేంద్ర ప్రభుత్వము 2022 డిసెంబరులో ఒక ప్రత్యేక వేదికను ప్రారంభించెను. అందులో వాహనములును చేరినవి.

కాని చట్టము తప్పు జరిగిన తరువాత వచ్చునది. తప్పు జరుగు క్షణమున, బండి క్రింద వెల్లకిల పరుండి చేతిలో స్పానరు పట్టుకొన్నవాని ప్రక్కన న్యాయమూర్తి ఉండడు, పోలీసు ఉండడు, యజమానియు ఉండడు. ఉన్నది అతని అంతరాత్మ యొక్కటే. ఎదలో ఇష్టలింగమును ధరించినవానికి, చూచువాడొకడు సదా హృదయమునందే ఉన్నాడని వేరుగా చెప్పనక్కరలేదు.

తెలియనివాడు తెలిసికొనకపోవుట అతని తప్పే కదా, వాని అజ్ఞానమునకు వాడే సుంకము చెల్లించుకొనుచున్నాడు కదా యని కొందరు వాదింతురు. ఈ వాదము చేయువాడు తాను అన్ని చోట్లను తెలిసినవాడే యని తలచుచున్నాడు. ఉదయము బండి యజమానిని మోసగించిన మెకానిక్కు, సాయంకాలము బిడ్డకు జ్వరము వచ్చి ఆసుపత్రికి పోవును. అచ్చట తెల్లకోటు ధరించినవాడు ఐదు పరీక్షలు వ్రాసి, “చిన్నపిల్ల కదా, తరువాత మీ ఇష్టం” అన్నచో, అతడును తాత వలెనే మాటాడక చెల్లించును. ఆ వైద్యుడు ఇల్లు కట్టించునప్పుడు మేస్త్రి యెదుట తెలియనివాడు. ఆ మేస్త్రి పొలమునకు విత్తనములు కొనునప్పుడు దుకాణదారుని యెదుట తెలియనివాడు. ఆ దుకాణదారుడు బిడ్డను బడికి పంపునప్పుడు ఉపాధ్యాయుని యెదుట తెలియనివాడు. ప్రతి మనుష్యుడును ఒక్క చోట తెలిసినవాడు, నూరు చోట్ల తెలియనివాడు. తనకు తెలిసిన ఆ ఒక్క చోట అతడు ధర్మము పాటించినచో, ఇతరులును అట్లే పాటించినచో, తెలియని ఆ నూరు చోట్ల అతనికి రక్షణ కలుగును. అట్లు కానిచో అందరును అందరిని దోచుకొని, లెక్క చూచుకొన్నప్పుడు ఎవని సంచిలోను లాభము మిగులదు; భయము మాత్రము మిగులును.

కావున తెలిసినవాడు తెలియనివానియొద్ద ఎంత పుచ్చుకొనవచ్చునను ప్రశ్నకు సమాధానము కఠినమైనది కాదు. ఎదుటివానికి తనకు తెలిసినంతయు తెలిసియుండినచో ఎంత సంతోషముతో ఇచ్చియుండునో అంత. అంతకు మించిన ప్రతి రూపాయియు తెలియనివాని సొమ్మే. అది ఇంటికి వచ్చినచో లక్కమ్మ చెప్పినట్లు తెచ్చినచోటనే పోసిరావలెను.

శివరాత్రినాడు నల్లమల ఘాట్ ఎక్కుచున్న ఆ బండిని మరల తలచుకొందము. మలుపు తిరుగునప్పుడు ప్రక్కన లోయ. తాత బ్రేకు మీద కాలు మోపును. బండి నిలుచును. వెనుక సీటులో పిల్లలు నిద్రించుచునే యుందురు. ఆ బిడ్డల ప్రాణము ఆ క్షణమున ఆధారపడినది ఎన్నడో ఒక షెడ్డులో, ఎవరును చూడని వేళ, ఒక మనుష్యుడు సరిగా బిగించిన బోల్టు మీద, సరిగా చెప్పిన మాట మీద. ఆ మనుష్యుడు శ్రీశైలము పోలేదు. ఆ దినమున కూడ షెడ్డులోనే ఉన్నాడు. కాని అతని కాయకము అతనికంటె ముందు మల్లికార్జునుని సన్నిధికి చేరినది.

శరణు శరణార్థి.